ముందు ఎలుక... వెనకే వేటగాడు!

మెట్రో ఎక్కేవాళ్లకి నాగోల్ అంటే చివరి స్టేషన్. ఎలుకలకీ పందికొక్కులకీ, వాటిని వెతుక్కుంటూ వచ్చే పాములకీ గుడ్లగూబలకీ మాత్రం అదే అసలు మజిలీ. చెలకలు పోయి కాలనీలు వచ్చాయి. ఎలుకల తీరు మారింది. మరి వాటిని తిని బతికే జీవులేమయ్యాయి? మూసీ ఒడ్డున ఈ లెక్క కాస్త ఓపిగ్గా చూడాల్సిందే. ఎందుకంటే ఆ లెక్కలో మన వంటిల్లూ ఉంది, పెరడూ ఉంది, పిల్లలు ఆడుకునే ఖాళీ స్థలమూ ఉంది.

నాగోల్ స్టేషన్‌లో దిగి వంతెన వైపు నడిస్తే మూసీ కనిపిస్తుంది. ఒడ్డున పచ్చగా గడ్డి. పాడి పశువుల కోసం పెంచే పారాగడ్డి అది. పొద్దున్నే కోసి మోపులు కట్టి నగరంలోని పాకలకు పంపుతారు. ఇటు ఉప్పల్ భగాయత్. భగాయత్ అంటే తోటల భూమి. ఒకప్పుడు నిజంగా తోటలూ పంటపొలాలే. ఇప్పుడక్కడ ప్లాట్లు, వెడల్పాటి రోడ్లు, మెట్రో రైళ్లు నిలిపే డిపో. అటు వంతెన దాటితే నాగోల్ కాలనీలు. మరోవైపు ఉప్పల్ నల్లచెరువు. ఇంకాస్త ముందుకెళితే నాచారం ఫ్యాక్టరీలు, గోదాములు.

ఈ నేల స్వభావం మాత్రం మెట్టదే. హైదరాబాద్‌లో ఏడాదికి పడే వాన 80 సెంటీమీటర్లకు కాస్త అటూఇటూ. అదీ నాలుగు నెలల్లోనే. తక్కిన కాలమంతా ఎండే. రాతిగుట్టలు, ఎర్రమట్టి చెలకలు, సీతాఫలం, రేగుకంపలు, తుమ్మలు... నగరం రాకముందు ఇక్కడి దృశ్యం ఇదే. జొన్న, కంది, ఆముదం పండేవి. గట్ల మీద ఎలుక కలుగులు. కలుగుల చుట్టూ వేటగాళ్లు. పగలు గద్ద, రాత్రి గుడ్లగూబ, నేల మీద గుంటనక్క, అడవి పిల్లి, ముంగిస, నేల లోపల పాము.

వీటన్నిటి బతుకూ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగేది. ఈ ఏడు ఎలుకలెన్ని?

వానను బట్టి ఎలుక

తడి ఎక్కువగా ఉండే అడవుల్లో తిండి ఏడాది పొడవునా ఎంతో కొంత దొరుకుతుంది. మెట్ట ప్రాంతాల్లో అలా కాదు. వాన పడితే గడ్డి, గింజ, పురుగు అన్నీ ఒక్కసారిగా పుట్టుకొస్తాయి. వాన లేకపోతే అన్నీ ఒక్కసారిగా మాయం. ఈ ఆటుపోట్లకు ముందుగా స్పందించేది ఎలుకే. పందికొక్కు కడుపుతో ఉండేది సుమారు మూడు వారాలు. ఒక్కో కాన్పులో ఆరేడు పిల్లలు. ఆ పిల్లలే కొద్ది నెలల్లో తల్లులవుతాయి. తిండి ఉన్నంతకాలం ఈ చక్రం ఆగదు. అందుకే మంచి కాలం వస్తే పొలంలో పదులు వందలవుతాయి, వందలు వేలవుతాయి.

దక్కన్ పీఠభూమిలో ఇలాంటి ఎలుకల ఉప్పెన గురించి రెండు శతాబ్దాల నాటి సాక్ష్యం ఒకటుంది. చెప్పినవాడు వాల్టర్ ఇలియట్. 1845లో అమరావతి స్తూపం తవ్వించి, శిల్పాలను బయటికి తీసిన అధికారి ఆయనే. అంతకుముందు ధార్వాడ ప్రాంతంలో పనిచేసినప్పుడు అక్కడి జంతువులను పరిశీలించి, 1839లో ఒక జాబితా ప్రచురించాడు. అందులో పొలాల్లో తిరిగే ఒక మెత్తటి బొచ్చు ఎలుక గురించి రాశాడు. రాళ్లకుప్పల్లో, పొదల మొదళ్లలో, నేల పగుళ్లలో అది తలదాచుకుంటుంది. ఏటా తొలకరి గట్టిగా పడగానే ఆ గూళ్లు కూలి, నీళ్లు నిండి వాటిలో చాలా భాగం చచ్చిపోతాయి. 1826లో మాత్రం తొలకరి సరిగ్గా పడలేదు. చావాల్సిన ఎలుకలు చావలేదు. తెగ పెరిగిపోయాయి. నాటిన విత్తనం నాటినట్టే తినేశాయి. మిగిలిన జొన్న కంకికి వస్తే కాడలెక్కి కొరికి పడేశాయి. రైతులు శిస్తు కట్టలేని స్థితికి వచ్చారు. ఎలుకలు పట్టడానికి వడ్డెరలను పెట్టుకున్నారు. డజన్ల లెక్కన కొలిచి గింజలు కూలిగా ఇచ్చారు. వేలకు వేలు చంపినా ఎలుకలు తగ్గినట్టే కనిపించలేదని ఇలియట్ రాశాడు.

ఆ వడ్డెరలు ఆ ఎలుకను ‘మెట్టాడె’ అనేవారు. శాస్త్రవేత్తలు దానికి ఈనాటికీ వాడే ‘మెల్టాడా’ అనే పేరు ఆ మాట నుంచి వచ్చిందే. అన్నట్టు ఇంగ్లిషు వాళ్లు ‘బ్యాండికూట్’ అనేది మరేదో కాదు, మన పందికొక్కే! అదే పేరును తర్వాత ఆస్ట్రేలియాలోని వేరే జంతువుకీ పెట్టేశారు. ఎలుకల విషయంలో తెలుగువాళ్లు ప్రపంచానికి రెండు పేర్లిచ్చారన్నమాట.

1826 నాటి ఆ కథలో గమనించాల్సింది మరొకటుంది. మనుషులు ఎంతమంది దిగినా ఎలుక వేగాన్ని అందుకోలేకపోయారు. మరి పాములూ పక్షులూ నక్కలూ అందుకుంటాయా?

వేటగాడి రెండు ఎత్తులు

ఎలుకలు పెరిగితే వేటగాడు రెండు పనులు చేస్తాడు. ఒకటి, ఉన్నచోటే ఉండి ఎక్కువ ఎలుకలు తినడం. రెండోది, తన సంఖ్య పెంచుకోవడం. ఎక్కువ పిల్లల్ని కనో, పక్క ప్రాంతాల నుంచి తరలివచ్చో. కెనడా శాస్త్రవేత్త సి.ఎస్. హోలింగ్ 1959లో ఈ రెండింటినీ విడదీసి, లెక్క కట్టి చూపించాడు. మొదటిది వెంటనే జరిగిపోతుంది. కానీ దానికో హద్దుంది. ఎంత ఆకలైనా కడుపు పట్టినంతే కదా తినగలిగేది! రెండోదానికి హద్దు ఎక్కువే గానీ సమయం పడుతుంది.

గుంటనక్కనే చూడండి. ఎలుకలు తక్కువగా ఉన్న రోజుల్లో అది చెదపురుగులు, పేడపురుగులు, బల్లులు, రేగుపళ్లు... ఏది దొరికితే అది తిని రోజులు గడుపుతుంది. ఎలుకలు పెరగగానే వాటి మీద పడుతుంది. కానీ పిల్లల్ని పెట్టేది ఏడాదికోసారే. అదీ రెండో మూడో నాలుగో. ఎలుక ఏడాదిలో పదిరెట్లు పెరిగితే నక్క అలా పెరగలేదు. ఎప్పుడూ ఓ అడుగు వెనకే.

తెల్ల గుడ్లగూబది మరో ఉపాయం. గుడ్లన్నీ ఒకేరోజు పెట్టదు. రెండు మూడు రోజులకొకటి పెడుతుంది. మొదటి గుడ్డు నుంచే పొదగడం మొదలుపెడుతుంది. దాంతో గూటిలో పెద్దపిల్ల, నడిపిపిల్ల, చిన్నపిల్ల... మెట్లమాదిరి వరుస తయారవుతుంది. ఎలుకలు బాగా దొరికితే అన్నీ బతుకుతాయి. దొరక్కపోతే చిన్నవి పోయి పెద్దవి మిగులుతాయి. కరవు కాలంలో పుట్టినవన్నీ పోకుండా ఒకటి రెండైనా నిలబడటానికి ప్రకృతి చేసిన ఏర్పాటిది. వినడానికి కఠినంగా ఉన్నా మెట్టప్రాంతపు బతుకు లెక్క అదే.

ఎలుకలకూ వేటగాళ్లకూ ఉన్న ఈ సంబంధాన్ని తెలుగునేల మీదే చూసిన చోటు రోళ్లపాడు. ఒకప్పటి కర్నూలు జిల్లా, ఇప్పటి నంద్యాల జిల్లాలో ఉన్న గడ్డిమైదానం. బట్టమేక పక్షి కోసం 1988లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 614 హెక్టార్లు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు రంజిత్ మనకదన్, అసద్ రహ్మానీ 1994 నుంచి 1996 వరకు అక్కడి గుంటనక్కలను పరిశీలించారు. ఎలుకలు విపరీతంగా ఉన్న కాలంలో, రక్షణలో ఉన్న గడ్డిభూముల్లో గుంటనక్కల సాంద్రత చదరపు కిలోమీటరుకు 1.62 వరకు నమోదైంది. గుజరాత్‌లోని కచ్ఛ్ లాంటి బాగా పొడి ప్రాంతాలతో పోలిస్తే ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. తిండి ఉంటే, కలుగు తవ్వుకోవడానికి ఇంత చోటుంటే, తరిమేవాళ్లు లేకపోతే... నక్క తన వంతు పని చేస్తుందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

ఎడారిలో రామదాసు బంధువు

బూడిదరంగు ఒళ్లు, భుజాల మీద నల్లమచ్చ, ఎర్రటి కళ్లు. గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి, కింద ఎలుక కదలగానే రాయిలా జారిపడే చిన్న గద్ద. తెలుగులో దానికి అందమైన పేరుంది. అడవి రామదాసు! నగర శివార్లలో పొలం, గడ్డి మిగిలిన చోట్ల కరెంటు తీగ మీద కనిపిస్తుంది. ఎలుకలు ఎక్కడ పెరిగితే అక్కడికి వెళ్లి గూడు కట్టే సంచారి. కాలంతో పనిలేకుండా, తిండి ఉంటే చాలు, ఏడాదిలో మళ్లీ మళ్లీ పిల్లల్ని పెంచగలదు.

దీని దగ్గరి బంధువు ఒకటి ఆస్ట్రేలియా నడిబొడ్డున ఎడారిలో ఉంది. రెక్కల కింద ఇంగ్లిషు అక్షరంలాంటి నల్లగీత ఉండే ఆ గద్ద రాత్రిపూట వేటాడుతుంది. అక్కడ కొన్నేళ్లకోసారి మంచి వానలు పడతాయి. పొడుగు వెంట్రుకల ఎలుకలు లక్షల్లో పుట్టుకొస్తాయి. అప్పుడీ గద్దలు గుంపులుగా చేరి, ఒకదాని తర్వాత ఒకటిగా పిల్లల్ని లేపుతూనే ఉంటాయి. ఎండలు ముదిరి ఎలుకలు అంతరించగానే కథ తిరగబడుతుంది. గద్దలు చెల్లాచెదురై వందల కిలోమీటర్ల దూరంలోని సముద్రతీరాల దాకా వెళతాయి. చాలా వరకు ఆకలితో రాలిపోతాయి. ఏ ఎడారి మూలనో మిగిలిన కొద్ది జంటలే మళ్లీ వాన కోసం ఎదురుచూస్తాయి.

దక్షిణ అమెరికాలోని చిలీ మెట్టప్రాంతంలోనూ ఇదే వరస. మనకు ఎల్‌నినో అంటే వానలు తగ్గుతాయన్న భయం. అక్కడ దానికి రివర్సు. ఎల్‌నినో ఏడాదిలో వానలు కుమ్మేస్తాయి. గింజలు పండుతాయి. ఎలుకలు పెరుగుతాయి. వాటి వెనకే గుడ్లగూబలు, నక్కలు.

దేశాలు వేరు, జంతువులు వేరు. సూత్రం ఒక్కటే. ముందు వాన, తర్వాత గింజ, తర్వాత ఎలుక, చివర వేటగాడు. వేటగాడు ఆలస్యంగా వస్తాడు. కానీ వస్తాడు. రావాలంటే రెండు ఉండాలి. కష్టకాలంలో తలదాచుకునే చోటు, మంచికాలంలో తిరిగొచ్చే దారి.

ఇక మళ్లీ నాగోల్‌కి వద్దాం.

ఎండాకాలం లేని ఏరు

వికారాబాద్ అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ 240 కిలోమీటర్ల దాకా ప్రవహించి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. సహజంగా అది వానాకాలపు ఏరు. ఎండాకాలంలో ఇసుక తేలేది. 1908 వరద తర్వాత ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టాక నగరంలోకి వచ్చే నీరు ఇంకా తగ్గింది. మరి ఇప్పుడు ఏప్రిల్, మే నెలల్లోనూ నాగోల్ వంతెన కింద నీళ్లెలా పారుతున్నాయి? అవి వాననీళ్లు కావు. నగరం వాడి వదిలిన నీళ్లు. కొంత శుద్ధి అయినవి, కొంత కానివి.

ఆ నీళ్లతో ఒడ్డున గడ్డి ఏడాదంతా పచ్చగా ఉంటుంది. కాలనీల్లో చెత్తకుప్పకు సెలవు లేదు. హోటళ్ల వెనక, మార్కెట్ల పక్కన, ఫంక్షన్ హాళ్ల గోడల అవతల తిండికి కరవు లేదు. గోదాముల్లో ధాన్యం, పిండి, బేకరీ సరుకు ఎప్పుడూ ఉంటాయి. అంటే ఏమిటి? మెట్టనేలలో ఎలుకకు ఉండాల్సిన కష్టకాలమే ఇక్కడ లేకుండా పోయింది. కరవు వచ్చి కొంత, తొలకరికి కొంత తగ్గాల్సిన సంఖ్య తగ్గడమే మానేసింది.

ఎలుకల్లోనూ రకం మారింది. చెలకల్లో బతికే మెట్టాడె, పొడినేలలో లోతైన కలుగులు తవ్వే జెర్బిల్ ఎలుక, చిన్న పొలం చిట్టెలుక... ఇవి పొలంతోపాటే వెనక్కి జరిగాయి. వాటి స్థానంలో పందికొక్కు వచ్చింది. డ్రైనేజీ గోడలు, ఫుట్‌పాత్ కింది మట్టి, అపార్టుమెంటు సెల్లార్లు దానికి కొత్త గట్లు. దానికి తోడు ఇళ్లలో నల్ల ఎలుక, చిట్టెలుక. గోడవారన కిచకిచమంటూ పరుగెత్తే చుంచు సరేసరి. అది చూడ్డానికి ఎలుకలా ఉంటుంది గానీ ఎలుక కాదు. పురుగుల్ని తినే వేరే జాతి.

2007లో చుట్టుపక్కల మున్సిపాలిటీలన్నీ కలిసి జీహెచ్‌ఎంసీ అయింది. 2017 నవంబరులో మెట్రో వచ్చింది. మిగిలిన ఖాళీ జాగాలు కూడా వేగంగా నిండాయి. ఎలుక తిండి పెరిగింది. వేటగాడి చోటు తరిగింది. ఒకే ఊళ్లో, ఒకే కాలంలో ఈ రెండూ జరిగాయి.

ఎవరున్నారు... ఎవరు వెళ్లారు?

ముందుగా వెళ్లిపోయింది గుంటనక్క. దానికి గడ్డి మైదానం కావాలి, కలుగు తవ్వుకునే కదలని నేల కావాలి. పైగా వీధికుక్కలంటే హడల్. మహారాష్ట్రలో సోలాపూర్ దగ్గరి నన్నజ్ గడ్డిభూముల్లో అబి తమీమ్ వానక్, ఆయన సహచరులు ప్రయోగం చేసి చూశారు. కుక్క కనిపిస్తుంటే గుంటనక్క ఎదురుగా ఉన్న తిండి కూడా సరిగ్గా తినడం లేదు. కుక్కల నుంచి జబ్బులు అంటుకునే ప్రమాదం మరొకటి. కాలనీ వచ్చిందంటే కుక్కలు వస్తాయి. కుక్కలొచ్చాయంటే గుంటనక్కకు ఎలుకలెన్ని ఉన్నా లేనట్టే.

అడవి పిల్లిదీ దాదాపు అదే కథ. రెల్లుపొదలు, గడ్డి దుబ్బులు ఉన్నంతవరకే అది. అడవి రామదాసుకు పైనుంచి చూడ్డానికి తెరిపి నేల కావాలి. సెల్లార్లోని పందికొక్కు దానికెలా కనిపిస్తుంది?

ఉన్నదెవరు మరి? చోటు మార్చుకోగలిగినవాళ్లు. ముంగిస కాంపౌండు గోడ పక్కన, కంపచెట్ల కింద సర్దుకుంది. నల్లగద్ద చికెన్ షాపు వ్యర్థాలకూ రోడ్డు మీద నలిగిన ఎలుకకూ అలవాటు పడింది. పిల్లులున్నాయి. కానీ ఎదిగిన పందికొక్కు జోలికి పోయే పిల్లి తక్కువే. పోతే దెబ్బలు తప్పవని దానికీ తెలుసు! న్యూయార్క్‌లో ఎలుకలూ పిల్లులూ ఒకేచోట ఉన్న ఒక చెత్త రీసైక్లింగ్ కేంద్రంలో కెమెరాలు పెట్టి చేసిన పరిశోధన 2018లో వెలువడింది. నెలల తరబడి చూసినా పిల్లులు ఎలుకల్ని చంపింది వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని సార్లే. పిల్లిని చూసి ఎలుక దాక్కుంటుంది, అంతే. దాక్కున్న ఎలుకను చూసి జనం ఎలుకలు తగ్గాయనుకుంటారు.

నిజంగా ఎలుకల పని పట్టేవి రెండే మిగిలాయి. ఒకటి గుడ్లగూబ, రెండోది పాము. విచిత్రమేమిటంటే మనిషికి గిట్టనివీ ఆ రెండే.

తెల్ల గుడ్లగూబ పాత భవనాల్లో, నీళ్లట్యాంకుల పక్కన, పైకప్పు సందుల్లో గూడు పెడుతుంది. రాత్రంతా వేటాడి ఎలుకను దాదాపు మొత్తంగా మింగేస్తుంది. అరగని ఎముకలు, వెంట్రుకలు ఉండలా కక్కేస్తుంది. ఆ ఉండను విప్పి చూస్తే అది ఏం తిన్నదీ తెలిసిపోతుంది. పందికొక్కు దవడ, చుంచు పుర్రె అందులో కనిపిస్తాయి. చీకట్లో కూడా శబ్దాన్ని బట్టే ఎలుకను పట్టగలదు. మలేసియా పామాయిల్ తోటల్లోనూ, ఇజ్రాయెల్, జోర్డాన్ పొలాల్లోనూ ఎలుకల అదుపు కోసమే వీటికి చెక్కపెట్టెలు కట్టి గూళ్లు ఏర్పాటు చేశారు. మన దగ్గరో? ‘చావుపిట్ట’ అని పేరు పెట్టి రాళ్లేసి తరుముతారు. దీపావళి సమయంలో పూజల పేరుతో పట్టి అమ్మేవాళ్లు మరికొందరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇది నేరం. 2017లో విశాఖపట్నంలో ఒక కట్టడంలో దొరికిన గుడ్లగూబ పిల్లల్ని చూసి గ్రహాంతరవాసులంటూ వీడియో తెగ తిరిగింది. పక్కింట్లోనే ఉన్న జీవి ఎంత పరాయిదైపోయిందో!

పామెందుకొచ్చినట్టు?

వానాకాలం మొదలైతే మూసీ ఒడ్డు కాలనీల్లో తరచూ వినిపించే మాట... పామొచ్చింది. వచ్చేది చాలాసార్లు జెర్రిపోతు. విషం లేనిది. ఎలుకల వేటలో దిట్ట. పొడుగు చూసి, వేగం చూసి జనం హడలిపోతారు. ఇంకొన్నిసార్లు నాగుపాము. అదీ ఎలుక వాసన పట్టుకునే వస్తుంది. పైగా పందికొక్కు తవ్విన కలుగు దానికి రెడీమేడ్ ఇల్లు. ఒక్క కలుగులో తిండీ, వసతీ రెండూ కుదిరాయంటే ఇక కావాల్సిందేముంది?

వాన గట్టిగా పడితే కలుగుల్లోకి నీళ్లొస్తాయి. ఎలుకలు మెరకకు వస్తాయి. వాటి వెనకే పాములు. ఇప్పుడు మెరక అంటే గుట్టో గట్టో కాదు, ఇళ్లే. 2020 అక్టోబరులో కురిసిన కుండపోతకు మూసీ పొంగి, హైదరాబాద్ తూర్పువైపు లోతట్టు కాలనీలు మునిగాయి. అలాంటి రోజుల్లో మనిషి, ఎలుక, పాము... ముగ్గురూ ఒకే మేడమెట్ల మీద చేరే పరిస్థితి.

ఇందులో భయపడాల్సింది లేదనడం తప్పు. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయి ఉంటారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. ఏడాదికి సగటున 58 వేల మంది. ఎక్కువమంది పల్లెల వాళ్లే. ఈ మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, మంత్రం వేయించడం... వీటితో పోయేది సమయమే. కదలకుండా ఉంచి, వీలైనంత త్వరగా విషం విరుగుడు మందున్న పెద్దాసుపత్రికి తీసుకెళ్లడమే సరైన పని.

పాము ఇంట్లోకొస్తే చంపాల్సిన పనీ లేదు. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ 1995 నుంచి ఈ పనిలో ఉంది. ఏటా వేల పాములను పట్టి, అటవీశాఖ సాయంతో అడవుల్లో వదులుతోంది. కబురు పెట్టి, అవి వచ్చేదాకా దూరం నుంచి కంట కనిపెట్టి ఉంటే చాలు.

కానీ ఇక్కడే అసలు చిక్కుంది. పామును తీసుకెళ్లారు. పందికొక్కు ఉండిపోయింది. కలుగు ఉండిపోయింది. చెత్తకుప్ప ఉండిపోయింది. అంటే పాము ఖాళీ చేసిన ఇంటికి టులెట్ బోర్డు పెట్టినట్టే! నాలుగు నెలలకు మరో పాము. పాము రావడం సమస్య కాదు, ఎలుక ఉందన్న కబురు మాత్రమే. కబురు తెచ్చినవాణ్ని పంపించి, కబురును వదిలేస్తే ఎలా?

మందు పెడితే...

ఎలుకలు ఎక్కువైతే ఇంటింటా జరిగేది మందు పెట్టడం. చాలా మందులు రక్తం గడ్డకట్టకుండా చేసి ఎలుకను చంపుతాయి. వెంటనే చావదు. కొన్ని రోజులు మత్తుగా, నెమ్మదిగా తిరుగుతుంది. అలాంటి ఎలుక ఎవరికి సులభంగా దొరుకుతుంది? గుడ్లగూబకు, గద్దకు, ముంగిసకు, పెంపుడు పిల్లికి. ఆ విషం వాటి ఒంట్లోకీ చేరుతుంది.

ఇప్పుడు పాత లెక్క గుర్తుచేసుకోండి. ఎలుక వేగంగా పెరుగుతుంది, వేటగాడు నిదానంగా. మందుతో రెండూ చచ్చాయనుకుందాం. మళ్లీ ముందు లేచేదెవరు? ఎలుకే. గుడ్లగూబ జంట మళ్లీ కుదురుకోవడానికి ఏడాది పడితే, ఎలుక ఆ ఏడాదిలో ఎన్నో తరాలు దాటేస్తుంది. ఈసారి దానికి అడ్డూ లేదు. ఎలుకల్ని చంపబోయి వాటి శత్రువును ముందుగా చంపుకున్నట్టవుతుంది. ఒక్కరు మందు పెట్టి పక్కింటివాళ్లు చెత్త వదిలేస్తే ఇంకా నయం... ఖాళీ అయిన కలుగులోకి పక్కింటి ఎలుకే వస్తుంది.

రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ లాంటిచోట్ల రైతులకు చెప్పే పాఠం కూడా మందు ఒక్కటే దారి అని కాదు. గట్లు సన్నగా ఉంచడం, కలుగులు మూయడం, ఊరంతా ఒకేసారి పనికి దిగడం, పొలంలో పక్షులు వాలడానికి కర్రలు పాతడం... ఇవన్నీ కలిస్తేనే ఫలితం. కాలనీకి కూడా వర్తించేది అదే. చెత్త రాత్రిపూట బయట పెట్టకపోవడం, డ్రైనేజీ మూతలు, పైపుల చుట్టూ సందులు పూడ్చడం, సెల్లారులో పాత సామాను గుట్టలు తీసేయడం. ఎలుక తిండి తగ్గితే ఎలుక తగ్గుతుంది. ఎలుక తగ్గితే పాము తనే దారి మార్చుకుంటుంది. ఎవర్నీ చంపాల్సిన పనిలేదు.

దారి మిగులుతుందా?

నాగోల్‌కు కొన్ని కిలోమీటర్ల దూరంలో, విజయవాడ రహదారి పక్కన మహావీర్ హరిణ వనస్థలి ఉంది. ఒకప్పుడు నిజాం వేటాడిన నేల. సుమారు 3,600 ఎకరాలు. 1994లో జాతీయ పార్కు అయింది. జనం కృష్ణజింకలను చూడ్డానికి వెళతారు. కానీ దాని అసలు విలువ జింకల్లోనే లేదు. కంప, గడ్డి, గుట్ట, ఎర్రమట్టి... ఈ తూర్పు హైదరాబాద్ ఒకప్పుడు ఎలా ఉండేదో చూపించే చివరి ముక్క అది. ముంగిస, ఉడుము, పాము, గుడ్లగూబలకు ఇంకా సొంతిల్లు అలాంటి చోటే. మంచికాలంలో అక్కణ్నుంచి బయటికి వచ్చే వేటగాడికి మధ్యలో ఏమైనా దారుందా అన్నదే ప్రశ్న.

ఉంటే అది మూసీ ఒడ్డే. ఆ గడ్డిమడులు, నల్లచెరువు గట్టు, గుట్టల పక్కన మిగిలిన కంపచెట్లు. చూడ్డానికి పనికిరాని జాగాల్లా కనిపిస్తాయి. వాటిని చదును చేసి సిమెంటు పోస్తే శుభ్రంగా ఉంటుందనిపిస్తుంది. మూసీ తీరాన్ని బాగుచేయడానికి 2017లో ప్రత్యేక సంస్థే ఏర్పాటైంది. మురుగు తగ్గాలి, నది శుభ్రపడాలి. అందులో రెండో మాట లేదు. నిజానికి మురుగూ చెత్తా తగ్గితే ముందుగా దెబ్బ తగిలేది పందికొక్కుకే. అయితే ఒడ్డు అంతా గోడలూ పలకరాళ్లే అయితే గుడ్లగూబ వాలే చెట్టు, జెర్రిపోతు దాగే పొద కూడా పోతాయి. పందికొక్కుకు మాత్రం పలకరాయి కింది మట్టి చాలు.

ఎలుక మన తిండి మీద ఆధారపడింది. మనం ఎక్కడుంటే అక్కడుంటుంది. దానికి ఎవరూ చోటివ్వక్కర్లేదు. వేటగాడికి మాత్రం చోటివ్వాలి. అదీ ముందుగానే, ఎలుకలు పెరగకముందే. పెరిగాక పిలిస్తే అతను వచ్చేసరికి ఆలస్యమవుతుంది.

కాబట్టి ఈ వానాకాలం నాగోల్‌లోనో నాచారంలోనో ట్యాంకు మీద తెల్లటి గుడ్లగూబ వాలితే రాయి తీయకండి. పెరట్లో ముంగిస పిల్లలతో దాటుతుంటే దాటనివ్వండి. జీతం లేకుండా రాత్రి డ్యూటీ చేసేవాళ్లు ఊళ్లో ఇంకా కొద్దిమందే ఉన్నారు మరి!